గుంటడి సంతకం

పనసగుడ,
సోమవారం.

పశువైద్యశాల డాక్టరు నిర్మల గారికి,

పనసగుడ నుంచి సోంబరు మాస్టారు నమస్కరించి రాయునది. ఇక్కడ మనుషులం క్షేమం. ఇల్లు మాత్రం క్షేమంగా లేదు, అందుకే ఈ ఉత్తరం.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోకండి. మా ఊరికి సెల్ టవరు ఉంది, సిగ్నల్ లేదు. టవరు నీడలో మేకలు పడుకుంటాయి, దానివల్ల అదొక్కటే ఉపయోగం. ఫోను చెయ్యాలంటే కాఫీ తోట దాటి కొండెక్కాలి, నా మోకాళ్ళు ఒప్పుకోవు. ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, ఉత్తరానికైతే చెయ్యి చాలు. సుక్రు జీపు రోజూ మీ ఆస్పత్రి ముందు నుంచే పోతుంది. అతనే మా పోస్టాఫీసు.

ఇక విషయం. మా ఇంట్లో ఒక పిల్లి ఉంది. మగది, నలుపు తెలుపు, పుట్టి ఏడాది దాటింది. మా ఆవిడ కనక దాన్ని గుంటడు అని పిలుస్తుంది, అందరం అదే అలవాటు పడ్డాం. మొన్నమొన్నటిదాకా బుద్ధిమంతుడే. ఎలకల్ని పట్టేవాడు, పొయ్యి పక్కన పడుకునేవాడు, అవసరం పడితే మర్యాదగా పెరట్లోకి పోయి పని చూసుకుని మట్టి కప్పి వచ్చేవాడు. కాఫీ పండ్లు కోతకొచ్చిన దగ్గర్నుంచి వాడికేదో అయింది. గోడకి వీపు పెట్టి నిలబడి, తోక పైకెత్తి, వెనక్కి చల్లుతున్నాడు. తలుపు మీద, చోడి (అంటే రాగుల) బస్తాల మీద, కొండచీపుర్ల కట్టల మీద, అన్నిటికంటే ఎక్కువగా మా అబ్బాయి ఫల్గుణ సంచి మీద. వాసన గురించి రాయను, కాగితానికి అంటుకుంటుంది. గోడమీద పిల్లి అంటే ఎటూ తేల్చని మనిషి అని ఇన్నేళ్ళూ పిల్లలకి అర్థం చెప్పాను. ఆ మాట పుట్టించినవాడు గోడ కింద ఎప్పుడూ పడుకోలేదని ఇప్పుడు తెలుస్తోంది.

నేను తిట్టి చూశాను, చీపురు ఝళిపించి చూశాను. వాడు పోయి ఇంకో గోడ చూసుకుంటున్నాడు.

తొందర ఎందుకంటే, ఫల్గుణకి సంబంధం వచ్చింది. జి.మాడుగుల వైపు పిల్ల, పేరు భాను, సచివాలయంలో పని. ఆ ఇంట్లో పిల్ల మేనమామ గాసి గారి మాటే మాట. ఆయన వచ్చి మా ఇల్లు చూసి వెళితే ఖాయం చేసుకుంటారు. ఇదివరకు ఏ సంబంధం చెప్పినా ఫల్గుణ తల అడ్డంగా ఊపాడు. సుక్రు తెచ్చిన ఈ ఒక్క సంబంధానికే నిలువుగా ఊపాడు, అదీ ఫోటో చూడకుండానే. "మీరు సూసేరు కదా నాన్నా, సాలు" అన్నాడు. ఇంత వినయవంతుడి పెళ్ళి పిల్లి ఉచ్చ కంపుతో చెడిపోకూడదు. దయచేసి మందేదైనా చెప్పండి.

ఇట్లు,
సోంబరు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు.

తా.క.: ఫినాయిల్ వేసి కడిగాం. వాడికి ఆ వాసన నచ్చినట్టుంది, వెంటనే వచ్చి తన వంతు కలిపాడు.


పశువైద్యశాల,
బుధవారం.

మాస్టారు గారికి నమస్కారం.

ఈ ఆస్పత్రిలో చేరిన తర్వాత నాకొచ్చిన మొదటి ఉత్తరం మీదే. మిగతావన్నీ మెమోలు. రెండుసార్లు చదువుకున్నాను.

గుంటడు అనే పేరు బాగుంది. మా ప్రొద్దుటూరు వైపు గుంట అంటే గొయ్యి. ఏ గొయ్యిలోనో దొరికాడా పాపం?

మీ గుంటడు చేస్తున్నది ఉచ్చ పోయడం కాదండీ, చల్లడం. మా చదువులో స్ప్రేయింగ్ అంటారు. ఉచ్చ పోసుకునే పిల్లి నేలమీద కూర్చుని ఉన్నదంతా పోస్తుంది. చల్లే పిల్లి నిలబడి, నిలువుగా ఉన్నదాని మీద కొంచెమే కొడుతుంది. అప్పుడు తోక కొస వణుకుతుంది, గమనించండి. 'ఇది నాది' అని సంతకం పెట్టడం అన్నమాట. మీ మీద కోపమూ కాదు, పొగరూ కాదు. ఒకవేళ కూర్చుని ముక్కుతున్నా, అరుస్తున్నా, చుక్క కూడా రాకపోయినా మాత్రం అది వేరే సంగతి. మగ పిల్లులకి దారి మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది, ఉన్న పళంగా తీసుకురండి.

ఫినాయిల్ మానేయండి. ఆ ఘాటుకి తన సంతకం మీద ఇంకెవడో సంతకం పెట్టాడనుకుని మళ్ళీ పెడతాడు. బట్టల సబ్బుపొడి గోరువెచ్చని నీళ్ళలో కలిపి కడిగి, మంచినీళ్ళు పోసి, బాగా ఆరనివ్వండి. చల్లే చోట్లలో అన్నం గిన్నె పెట్టండి. తినే చోట సంతకం పెట్టడు. చీపురు ఎత్తొద్దు, భయపడితే ఇంకా ఎక్కువ చల్లుతాడు. ఇంటి చుట్టూ కొత్త పిల్లి ఏదైనా తిరుగుతోందేమో చూడండి.

అసలు మందు ఆపరేషనే. ఆ వయసులో మగవాడికి ఇది సహజం. ఆపరేషన్ చేస్తే చాలామట్టుకు తగ్గిపోతుంది. ఆలోచించి చెప్పండి.

ఉంటాను,
నిర్మల.

తా.క.: మీరు పెద్దవారు, నాకు నమస్కరించి రాయకండి. గుంటడుకి నా ఆశీస్సులు.


పనసగుడ,
ఆదివారం.

డాక్టరు నిర్మల గారికి ఆశీర్వదించి రాయునది,

మీరే వద్దన్నారు కాబట్టి నమస్కారం వెనక్కి తీసుకున్నాను.

ముందు భాష సంగతి. 'గుంటడుకి' కాదమ్మా, 'గుంటడికి'. అది గొయ్యీ కాదు, గుంటూరూ కాదు. మా వైపు మగపిల్లాడిని గుంటడు అంటాం, ఆడపిల్లని గుంట అంటాం. కనక పిల్లిని కన్నకొడుకులా చూసుకుంటుంది కాబట్టి అదీ గుంటడే. పిలిస్తే ఒక్కోసారి పిల్లీ ఫల్గుణా ఇద్దరూ పలుకుతారు. అన్నం దగ్గర ముందు వచ్చేది పిల్లి.

మీరు చెప్పినట్టే చేశాం. సబ్బునీళ్ళు పనిచేశాయి, ఇల్లు ఇల్లులా ఉంది. అన్నం గిన్నెలు తలుపు దగ్గరా, బస్తాల దగ్గరా, చీపుర్ల దగ్గరా పెట్టాం. అక్కడ చల్లడం మానేశాడు. కాకపోతే ఊళ్ళో కోళ్ళన్నీ మా ఇంట్లోనే ఉంటున్నాయి. మా వదిన నర్సమ్మ వచ్చి, వరసగా పెట్టిన గిన్నెలు చూసి, ఎవరి పేరున భోజనాలని అడిగి ఒక గిన్నె ముందు కూర్చుంది.

సంచి మీద మాత్రం మానలేదు. ఫల్గుణ రైతుల సంఘం తరఫున ఊరూరా తిరిగి కాఫీ పండ్లు కొంటాడు. మామూలు రోజుల్లో సంచి మేకుకి తగిలిస్తే గుంటడు చూడనైనా చూడడు. జి.మాడుగుల వైపు వెళ్ళొచ్చిన రోజు మాత్రం తింటున్న చేప ముక్క వదిలేసి సంచి దగ్గరికి పోతాడు. వాసన చూస్తాడు. నోరు సగం తెరిచి, బడిలో బీడీ వాసన తగిలిన ఇన్‌స్పెక్టరులా ముఖం పెడతాడు. తర్వాత వెనక్కి తిరుగుతాడు. తోక కొస వణకడం నిజమే, కళ్ళారా చూశాను. చూసినందుకు చొక్కా మార్చుకోవలసి వచ్చింది.

చుట్టుపక్కల కొత్త పిల్లి ఏదీ లేదు.

ఆపరేషన్ మాటకి కనక మండిపడింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "మగపుటక పుట్టినోడు, గోడకి నాలుగు సుక్కలు ఏసినాడని కోసేత్తారేటి? అలగైతే ఈ ఊళ్ళో ఎవుడు మిగుల్తాడు?" మీరే ధైర్యం చెబుతూ నాలుగు ముక్కలు రాయండి.

ఇట్లు,
సోంబరు.

తా.క.: గాసి గారు అనుకున్నదానికంటే ముందే, ఈ వారంలోనే వస్తారట. బేగి జవాబివ్వండి. కవరు కోసం చూడకండి, సుక్రు నమ్మకస్తుడు.


గొర్రెల టీకాల క్యాంపు నుంచి,
గురువారం.

మాస్టారు గారికి నమస్కారం.

క్యాంపులో ఉన్నాను, కవరూ లేదు, తెల్లకాగితమూ లేదు. టీకాల కాగితం వెనక రాస్తున్నాను, మన్నించండి.

మీరు రాసింది చదివాక ఇక సందేహం లేదు. గుంటడికి (దిద్దుకున్నాను) బయట ఆడవాసన తగిలింది. ముఖం అలా పెట్టడం దానికే. ఇంట్లో నిలకడ లేకపోవడమూ, గోడలు పాడుచెయ్యడమూ దానికే. తిట్టొద్దు, కొట్టొద్దు, మీరు సిగ్గుపడొద్దు.

పెళ్ళివాళ్ళు రాకముందే తీసుకొచ్చేయండి. మత్తిచ్చి రెండూ తీసేస్తాను. చిన్న పని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు. తర్వాత ఆడతోడు ధ్యాస ఉండదు, ఊళ్ళు పట్టుకు తిరగడు, పొయ్యి పక్కన పడుకుంటాడు. కాస్త లావెక్కుతాడు. చల్లడం ఆ రోజే ఆగదు, కొన్ని వారాలు పడుతుంది. అంచేత పెళ్ళివాళ్ళు కూర్చునే చోట మంచి దుప్పటి పరవకండి. అమ్మగారికి చెప్పండి, మగతనం పోయిందని వీళ్ళేమీ బాధపడరు, హాయిగా తిని పడుకుంటారు.

ఉంటాను,
నిర్మల.

తా.క.: తెచ్చేటప్పుడు గోనెసంచిలో వేసి మూతి కట్టి తెండి. లేకపోతే జీపులో అందర్నీ గీరుతాడు.


పనసగుడ,
శనివారం.

డాక్టరు నిర్మల గారికి,

ఆశీర్వదించే ఓపిక లేదు.

మీ ఉత్తరం మా ఇంటికి చేరేసరికి మండలమంతా చదివేసింది. జరిగింది చెబుతాను. గాసి గారు మా ఇల్లు చూడ్డానికి బయల్దేరి సుక్రు జీపులోనే ఎక్కారు, ముందు సీట్లో కూర్చున్నారు. ఘాట్ మలుపులో గేరు మార్చాలి కదా, సుక్రు చేతిలో ఉన్న మీ కాగితాన్ని పక్కనున్న పెద్దమనిషికి పట్టుకోమని ఇచ్చాడు. మడత విప్పితే పైన నా పేరు కనిపించింది. ఆయన చదివారు. చదివి, "ఇది సోంబరు మాస్టారి గుంటడి సంగతేనా?" అని అడిగారు. సుక్రు రోడ్డు మీంచి కళ్ళు తియ్యకుండా, "ఆయన గుంటడే. ఒక్కగానొక్కడు" అన్నాడు.

గాసి గారికి నమ్మకం కుదరక రెండోసారి పైకి చదివారు. ఆయన గొంతు పెద్దది. జీపు పైన కూర్చున్నవాళ్ళకి కూడా రెండూ తీసేస్తాను అన్న ముక్క స్పష్టంగా వినిపించిందట. ఆయన మధ్యలోనే దిగి, ఎదురొచ్చిన ఆటోలో వెనక్కి వెళ్ళిపోయారు. సుక్రుతో పంపిన కబురు ఇది: "గోనెసంచిలో కట్టీసి తీసుకెల్లవలసిన గుంటడికి మా పిల్లనియ్యం."

డాక్టరు గారూ, నాకు ఏడుపొస్తోంది. ఫల్గుణ అన్నం ముట్టడం లేదు. మేకు దగ్గర కూర్చుని సంచి కేసి చూస్తున్నాడు. ఫోటో కూడా చూడని పిల్ల కోసం ఇంత బాధేమిటో నాకు అంతుపట్టడం లేదు. కనక నాతో మాట్లాడ్డం లేదు, కవరు వద్దన్నది నేనే కదా.

మీ ఉత్తరం దిద్దాను. అక్షర దోషాలు లేవు, వాక్యాలు చక్కగా ఉన్నాయి. పిల్లి అన్న ఒక్క మాట మాత్రం ఎక్కడా లేదు. నూటికి సున్నా.

గుంటడు పిల్లి అని మీ ఆస్పత్రి స్టాంపు వేసి ఒక ధ్రువపత్రం వెంటనే పంపండి.

ఇట్లు,
సోంబరు.

తా.క.: ఆశా కార్యకర్త వచ్చి ఫల్గుణని పక్కకి పిలిచి, ఇది జీవితానికి ముగింపు కాదని ధైర్యం చెప్పి వెళ్ళింది.


పశువైద్యశాల,
సోమవారం.

మాస్టారు గారికి క్షమాపణలతో,

సున్నా న్యాయమే. నేను రాసిన కాగితం నకలు సుక్రు ఫోనులో ఫోటో తీసి ఉంచాడు. మళ్ళీ చదివితే నాకే చెమటలు పట్టాయి. అడిగిన కాగితం కింద పెడుతున్నాను.

'ఇందుమూలముగా ధ్రువీకరించడమేమనగా, పనసగుడ గ్రామ నివాసి శ్రీ సోంబరు గారి ఇంట గుంటడు అని పిలువబడుచున్నది నలుపు తెలుపు మగ పిల్లి. దానికి నాలుగు కాళ్ళు, తోక ఉన్నవి. సదరు ఉత్తరంలోని ఆపరేషన్ పిల్లికి మాత్రమే సంబంధించినది. సోంబరు గారి కుమారుడు ఫల్గుణకు ఈ వైద్యశాలతో ఎట్టి సంబంధమూ లేదు.'

గుండ్రటి స్టాంపు, పొడుగు స్టాంపు రెండూ వేశాను. కవరులో పెట్టి, జిగురు రాసి, పిన్ను కూడా కొట్టాను.

ఇంకొకటి. క్యాంపు హడావిడిలో తొందరగా రాసేశాను, పూర్తిగా చెప్పలేదు. మీ చుట్టుపక్కల కొత్త పిల్లి లేదన్నారు, సంచి మీద తప్ప ఎక్కడా చల్లడం లేదన్నారు. అయితే ఆ వాసన ఇంటికి నడిచి రావడం లేదు, సంచితో వస్తోంది. జి.మాడుగుల వైపు ఏదో ఒక ఇంట్లో ఫల్గుణ సంచి దించినప్పుడల్లా ఒక ఆడపిల్లి దానిమీద పడుకుంటోంది. ప్రతిసారీ అదే పిల్లి అయ్యుంటుంది. దాని వాసన ఉన్న వస్తువు ఇంకేది మీ ఇంట్లోకి వచ్చినా గుంటడు వదిలిపెట్టడు. ఫల్గుణని ఆ ఇల్లేదో అడిగి, అక్కడ సంచి కింద పెట్టొద్దని చెప్పండి.

ఉంటాను,
నిర్మల.

తా.క.: పిల్లికి ధ్రువపత్రం ఇవ్వడం నా ఉద్యోగంలో మొదటిసారి. పుట్టుమచ్చలు రాయాలా అని మా అటెండరు అడిగాడు.


పనసగుడ,
ఆదివారం.

చిరంజీవి నిర్మలకు ఆశీర్వదించి రాయునది,

మీరు అనడం మానేస్తున్నాను, ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది.

నీ ధ్రువపత్రం గాసి గారికి పంపాను. దాంతో ఉన్న కాస్త ఆశా పోయింది. "గవర్నమెంటు స్టాంపేత్తే గుంటడు పిల్లయిపోతాడేటి? నిజం పిల్లికెవుడైనా సర్టిఫికెట్టు తీస్తాడేటి?" అని ఆయన జి.మాడుగుల సంతలో అందరిముందూ అడిగారట. ఆలోచిస్తే నాకూ ఆయన అడిగిందే సబబనిపించింది.

ఇక నువ్వు రాసిన సంచి సంగతి. ఫల్గుణని కూర్చోబెట్టి అడిగాను.

"జి.మాడుగుల ఎల్లినప్పుడు ఎవులింట్లో కూకుంతన్నావురా?"

"ఎవులింట్లోనూ నేదు నాన్నా. కాఫీ పండ్లకెల్తన్నాను."

"కాఫీ సెట్టుకి పిల్లులు కాస్తన్నాయేటి?"

వాడు తల దించుకున్నాడు. వీడు మాకు తెలియకుండా ఎవరింటికో పోతున్నాడు, మా ఎదుట ఈ సంబంధానికి తల ఊపాడు, రెండు వైపులా ఆడపిల్లల్ని మోసం చేస్తున్నాడని అనుకున్నాను. గాసి గారు కాదన్నదే మేలు, కారణం తప్పైనా మనిషిని సరిగానే పోల్చుకున్నారు అనిపించింది. కొడుకు గురించి అలా అనుకోవలసి వచ్చినందుకు అన్నం సహించలేదు. ఇంట్లో ముగ్గురం తినకపోతే ఆ గిన్నెలన్నీ కోళ్ళే ఖాళీ చేశాయి.

నిన్న పొద్దున్న సుక్రు జీపు ఆగింది. గాసి గారు దిగారు. భుజాన ఒక గుడ్డ సంచి, చేతిలో నీ ధ్రువపత్రం. లోపలికొచ్చి సంచి గుమ్మం పక్కన దించి, దొంగ కాగితాలు పంపినందుకు నలుగురిలో అడుగుదామని వచ్చానన్నారు. నలుగురూ అప్పటికే గోడవతల ఉన్నారు. కనక లోపలికెళ్ళి పిల్లిని రెండు చేతులా ఎత్తుకొచ్చి ఆయన ముఖం ముందు పెట్టింది.

"ఇడుగో మా గుంటడు. కాళ్ళు లెక్కెట్టుకోండి."

"పిల్లిని సూపించడమేటమ్మా? కొడుకుని పిలు" అన్నారాయన.

సరిగ్గా అప్పుడే గుంటడు ఆమె చేతుల్లోంచి దూకాడు. ఎవర్నీ చూడలేదు. నేరుగా గాసి గారి సంచి దగ్గరికి పోయి వాసన చూశాడు. నోరు సగం తెరిచి ఆ ఇన్‌స్పెక్టరు ముఖం పెట్టాడు. వెనక్కి తిరిగాడు. తోక లేచింది, కొస వణికింది. నేను కళ్ళు మూసుకున్నాను, చప్పుడు మాత్రం విన్నాను.

గాసి గారి అరుపుకి కోళ్ళన్నీ కొంపలోంచి బయటికెళ్ళాయి. నాకు మాత్రం అమ్మా, నీ ఉత్తరం గుర్తొచ్చింది. అదే వాసన ఉన్న వస్తువు ఏది వచ్చినా వదిలిపెట్టడు అన్నావు కదా.

"గాసి గారూ, మీ ఇంట్లో పిల్లుందా?" అని అడిగాను.

"ఉంది. మా భాను పెంచుకుంతంది. ఈ సంచిలోనే తొంగుంటాది. ఐతే ఏటి?"

నేను లేచి మేకు మీద ఉన్న ఫల్గుణ సంచి తీసి ఆయన సంచి పక్కన పెట్టాను. గుంటడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ సంచి మీదా అదే ముఖం, అదే తోక, అదే సంతకం. గాసి గారు రెండు సంచుల్నీ చూశారు. ఫల్గుణని చూశారు. ఫల్గుణ పైకప్పు పెంకులు చూస్తున్నాడు.

"మా ఇంట్లోకి ఎప్పుడొచ్చేవురా నువ్వు?"

"మీరు సంతకెల్లినప్పుడు మావా."

మావా అనడం అప్పుడే వచ్చేసింది వెధవకి. పోయిన ఏడాది కాఫీ కాలం నుంచీ ఇద్దరికీ పరిచయమట. ఈ సంబంధం మా చెవిన వెయ్యమని సుక్రుకి చెప్పింది వాళ్ళిద్దరేనట. ఫోటో చూడని వినయం ఇదన్నమాట. తెలుగు పంతులుగా ఎన్నో దొంగ కథలు విన్నాను, ఇంత బాగా నన్ను ఎవరూ మోసం చెయ్యలేదు. కోపం రావలసింది పోయి నా బరువంతా దిగిపోయింది. నా కొడుకు ఇద్దరు ఆడపిల్లల్ని మోసం చెయ్యలేదు. ఒక్కపిల్ల కోసం ముగ్గురు ముసలాళ్ళని మోసం చేశాడు, అంతే. ఆ గుమ్మంలోనే వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను.

గాసి గారు వంగి గుంటణ్ణి తోక నుంచి తల దాకా చూశారు. చివరికి, "ఆపరేషన్ కాలేదు కదా?" అన్నారు. ఎవరికని నేను అడగలేదు. కాలేదని చెప్పాను. ఆయన నవ్వారు. అలా నవ్వితే ముందు పళ్ళు లేవని తెలిసింది. చోడి అంబలి తాగి, మాట ఖాయం చేసి, సంచి మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళారు.

పెళ్ళి కాఫీ పండ్ల పని అయ్యాక. నువ్వు మా ఇంటి మనిషిగా రావాలి. మా ఇంటి ఆడపిల్లని మీరు అనడం బాగుండదు కదా. గాసి గారి సంచి ఉతికాక కనక కూడా ఆపరేషన్‌కి ఒప్పుకుంది, గుంటణ్ణి ఈ మంగళవారం తెస్తున్నాను. గోనెసంచిలోనే. ఈసారి దారిలో ఎవరడిగినా సంచి మూతి విప్పి చూపిస్తాను. నువ్వు జవాబు రాస్తే మొదటి వరసలో పిల్లి అని రాయి, తర్వాత కావాలంటే వాతావరణం రాయి.

ఇట్లు,
సోంబరు మాస్టారు.

తా.క.: అసలు చిక్కు చెప్పడం మర్చిపోయాను. భాను వస్తూ తన పిల్లిని కూడా తెచ్చుకుంటుందట. వాళ్ళింట్లో దాన్ని అందరూ గుంట అనే పిలుస్తారట. గాసి గారు జీపెక్కుతూ నా చెయ్యి పట్టుకుని, కళ్ళ నీళ్ళతో, "మా గుంట ఎప్పుడూ ఇల్లు దాటి ఎరగదు మాస్టారూ. మీ గుంటడితో సర్దుకుంటాదా?" అని అడిగారు. ఏ గుంట గురించో, ఏ గుంటడి గురించో నాకు అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని రెంటికీ కలిపి సర్దుకుంటుందనే మాటిచ్చేశాను. అందులో సగానికి పూచీ నీది.